వెంట్రుకవాసి

జెనోవా రేవులో ముప్పై ఎనిమిదేళ్ళు
క్రేను మీద, గాలిలో కూర్చుని
ఓడల కడుపుల్లోకి పెట్టెలు దించినవాడు ఒత్తోరీనో.
బెత్తెడు తప్పితే కింద ఎవరిదో కాలు పోతుంది.
ఒక్కరిదీ పోలేదు.

ఇప్పుడు ఆరో అంతస్తులో
రెండే రెండు పెట్టెలతో మిగిలాడు.
వాల్‌నట్ చెక్కవి, నా భుజం ఎత్తువి,
అడుగున ఇత్తడి ములుకులు.
మధ్యాహ్నాలు వాటిని
ఎడమకి ఒక గోరు, వెనక్కి అరగోరు.
జరిపి, వెళ్ళి కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని,
లేచి, మళ్ళీ జరిపి.
నేలంతా తెల్ల టేపు ముక్కలు,
ఎన్నిసార్లు మనసు మార్చుకున్నాడో అన్ని.

కుర్చీ ఒకటే.
రెండోది వేస్తే గది పాడవుతుందట.

నేను వియోరికాని, మోల్దోవా మనిషిని.
మందులు, సూపు, స్నానం, చీపురు.
మొదటిరోజే హద్దులు చెప్పాడు:
వంటిల్లు నీది, వరండా నీది,
ఆ టేపు దాటి నీ చీపురు రాకూడదు.

ఉన్నది ఒకే రికార్డు అనుకోండి, మిగతావి అరల్లో ఉన్నా.
ఎక్కడిదో చిన్న హాలు, ఎవరో ఒకామె పాట.
ఎడమపక్క లోతుగా పియానో.
కుడిపక్క బేస్ వాయించేవాడు.
"వాడు గోడలో ఇరుక్కున్నాడు వియోరికా,
వాణ్ణి బయటికి లాగాలి."
ఆమె మాత్రం మధ్యలో నిలబడాలి.
పెట్టెల్లో కాదు, పెట్టెల నడుమ
ఏమీ లేనిచోట.
నిలబడటం లేదు.
కూర్చుని పాడుతున్నట్టుందట.
ఒకరోజు నోరు తలుపంత ఉందట.

ఆమెను లేపి నిలబెట్టడానికి రెండేళ్ళు.
తీగలు మార్చాడు, తివాచీ మార్చాడు,
గాజు మీద పాట జారిపోతోందని
చనిపోయిన భార్య నిలువుటద్దం అమ్మేశాడు.
వింటున్నంతసేపూ ఫ్రిజ్ ప్లగ్గు తీసెయ్యాలి.
ఆగస్టులో పాలు విరిగాయని మొత్తుకున్నాను.
"విరగనీ. పాలు విరిగితే చప్పుడు కాదుగా" అన్నాడు.

మార్చిలో ఒక మంగళవారం
ఆయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.
ములుకుల చుట్టూ దుమ్ము, పిల్లి పడుకున్నట్టు.
రెండేళ్ళు ఓర్చుకున్నాను.
టేపు దాటాను.
చీపురుకర్ర కుడి పెట్టెకి తగిలింది.
ఎంత కదిలిందో నాకేం తెలుసు?
కొలత తెలిసినవాడు ఇంట్లో లేడు.
మోకాలితో తోశాను, ఉజ్జాయింపుగా,
మొండి బర్రెను కొట్టంలోకి తోసినట్టు.

సాయంత్రం ఆయన విన్నాడు.
నేను వంటింట్లో, సగం తరిగిన ఉల్లిపాయతో, ఊపిరి బిగబట్టి.
పాట అయిపోయింది.
కుర్చీ కిర్రుమనలేదు.
మళ్ళీ అదే పాట. మళ్ళీ కిర్రుమనలేదు.

"వియోరికా!"
వెళ్ళాను, కత్తి చేతిలోనే ఉంది.
"నిలబడింది" అన్నాడు.
"బేస్ వాడు గోడలోంచి వచ్చేశాడు.
ఇవాళ ఇంటికి ఎవరొచ్చారు?"
"ఎవరూ రాలేదు."
"వాన?"
"వచ్చింది, కాసేపు."
"అదే. గాలిలో తేమ."
అవును తేమే, అన్నాను.

అప్పుడు నన్ను కూర్చోమన్నాడు,
ఆ కుర్చీలో.
పొట్టిదాన్ని కదా, నా కింద ఒక దిండు పెట్టాడు,
తల పట్టుకుని
కొంచెం పైకి, కొంచెం కుడికి,
కంటెయినరు దించుతున్నట్టు దించాడు.
కదలకు అన్నాడు.

నేను ఊడ్చిన నేల మీద, ఎవరూ లేనిచోట
ఒక ఆడమనిషి ఊపిరి తీసుకుంది.
పాట ఇంకా మొదలవ్వలేదు.
పెదవులు విడివడటం వినిపించింది, తడిగా.
నా కాళ్ళు వెనక్కి లాక్కున్నాను,
ఆమె కాలు తొక్కుతానేమోనని.

ఆయన కొత్త టేపు అతికించాడు.
ఇక చచ్చినా ముట్టుకోను, అన్నాడు.

శనివారం చూస్తే మళ్ళీ మోకాళ్ళ మీద ఉన్నాడు,
చెంప నేలకి ఆనించి, ఒంటికన్ను మూసి.
"పియానో..." అంటున్నాడు, "వెంట్రుకవాసి... అంతే..."
రేవులో ఏదో ఓడ కూసింది.
అడక్కుండానే వెళ్ళి
ఫ్రిజ్ ప్లగ్గు తీశాను.